పచ్చ బోర్డు, తడి రోడ్డు

ఈమధ్య ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు నన్ను చూడటానికి వస్తుంటారు. నేను కూడా కంప్యూటర్ల పనే చేసి రిటైరయ్యానని తెలియగానే వాళ్ల ముఖాల్లో ఒక రకమైన జాలి కనబడుతుంది. "మీ రోజుల్లో ట్రాన్సాక్షన్లు అవీ ఉండేవా అంకుల్?" అని మొన్న ఒకడు అడిగాడు. ఉండేవి నాయనా. కరెంటే ఉండేది కాదు. వాడు నవ్వేసి ఊరుకున్నాడు గానీ నేను ఊరుకోలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నాను. తీరిక ఉంటే చదవండి, లేకపోతే మీ స్క్రీనేదో మీరు చూసుకోండి.

మాది బస్తర్‌లో ఇనుప ఖనిజం తవ్వే టౌన్‌షిప్. కింద ఊరు, పైన గని. కొండను మెట్లు మెట్లుగా కోసుకుంటూ పోతారు, ఒక్కో మెట్టునూ బెంచీ అంటారు. ఊళ్లో తెలుగువాళ్లం ఎంతమందిమి ఉండేవాళ్లమంటే, ముప్ఫై ఏళ్లు పనిచేసి ఒక్క హిందీ వాక్యం కూడా సరిగ్గా మాట్లాడకుండా రిటైరైపోయిన మహానుభావులు నాకు తెలుసు. నేను సిస్టమ్స్ విభాగంలో ఉండేవాణ్ని. సిస్టమ్స్ విభాగమంటే ఏసీ ఉన్న గది అని అర్థం. ఆ ఏసీ కంప్యూటర్ల కోసం పెట్టారు, మేము వాటి దయవల్ల బతికేవాళ్లం. ఎండాకాలంలో అన్ని విభాగాల పెద్దలకూ మాతో అత్యవసరమైన చర్చలు పడుతుండేవి.

గనిలో పేలుడు పెట్టే ముందు ఆ చుట్టుపక్కల బెంచీల మీద మనిషన్నవాడు ఉండకూడదు. దీనికి పూర్వం ఇత్తడి బిళ్లలు ఉండేవి. ఒక్కో మనిషికీ ఒక బిళ్ల, ఒక్కో బెంచీకీ చెక్క మీద ఒక వరుస మేకులు. మనిషి ఈ బెంచీ నుంచి ఆ బెంచీకి మారితే తన బిళ్ల ఇక్కడి మేకు నుంచి తీసి అక్కడి మేకుకు తగిలించాలి. పై బెంచీ మేకులన్నీ ఖాళీ అయ్యాక ఒక ఓవర్‌మ్యాన్, అంటే గని పనులు చూసే మేస్త్రీ, కాలినడకన వెళ్లి ఒకసారి కళ్లతో చూసి వచ్చేవాడు. అప్పుడు సైరన్ మోగించేవారు. ఇంత మోటు పద్ధతి ఒక ఆధునిక గనికి తగదని పైవాళ్లకు హఠాత్తుగా అనిపించింది.

అలా మాకు ఒక వెబ్ అప్లికేషన్ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ తయారుచేసి పంపింది, దాంతోపాటు ఒక కుర్ర ప్రాజెక్టు మేనేజర్నీ పంపింది. అతను ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. ఎర్ర దుమ్ము ఎవరి మీదైనా పడేది గానీ అతని మీద పడేది కాదు, ఎందుకంటే కొండ ఎక్కేవాడు కాదు. కంట్రోల్ రూంలో గోడకు పెద్ద స్క్రీన్ పెట్టారు. బెంచీ మీద మనుషులుంటే ఎరుపు, లేకుంటే పచ్చ. బోర్డు పచ్చబడితే చాలు, ఇక ఓవర్‌మ్యాన్ నడిచి వెళ్లనక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చారు. ఒకే విషయాన్ని రెండుసార్లు చూడటం సమయం వృథా అన్నారు. ఆ సమయాన్ని ఆదా చేసినందుకు ఒక ఆఫీసరుకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

మొదటి వారంలోనే ఒక మనిషి మాయమయ్యాడు. అతను నీళ్ల ట్యాంకర్ డ్రైవరు, దోర్నపాల్ వైపువాడు. గని రోడ్ల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం అతని పని. కాబట్టి ఒక చోట ఉండడు, రోజంతా ఈ బెంచీ నుంచి ఆ బెంచీకి మారుతూనే ఉంటాడు. మా అప్లికేషన్ ఏం చేసేదంటే, ముందు అతణ్ని పాత బెంచీ నుంచి తీసేసేది, తర్వాత కొత్త బెంచీలో చేర్చేది. ఈ రెండింటి మధ్యలో కంప్యూటర్లను కలిపే లైను పోయింది. తీసేయడం జరిగింది, చేర్చడం జరగలేదు. మనిషి కంప్యూటర్లో ఎక్కడా లేకుండా పోయాడు. క్యాంటీన్ మిషన్ అతని కార్డు చూసి, ఈ పేరుతో ఎవరూ లేరంది.

అతను తిన్నగా మా ఏసీ గదికి వచ్చాడు. "ఏంది సార్ ఇది? నేను లేనంటుంది మీ మిషిను. లేనోనికి ఆకలెట్లయితది?" అన్నాడు.

"లైను పోయింది తమ్ముడూ, సరిచేస్తాం" అన్నాను.

"చెయ్యుండ్రి. గంతదాంక ఉన్నోనికిచ్చినట్టు ఓ టిఫిన్ ఇప్పియ్యుండ్రి" అన్నాడు. నా కార్డు మీద ఇప్పించాను.

కుర్ర మేనేజర్ ఇది చాలా అరుదైన సందర్భమన్నాడు. మా కొండ మీద లైను రోజూ పోతుంది కాబట్టి ఆ అరుదైన సందర్భం రోజూ వస్తుందని నేనన్నాను. చివరికి ఆ రెండు పనులనూ కలిపి ఒక ట్రాన్సాక్షన్‌గా కట్టారు. అంటే జరిగితే రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. మధ్యలో లైను పోతే మనిషి పాత బెంచీలోనే ఉంటాడు. ఇది మంచి పనే, కాదనను. కానీ ఆ చిన్న మరమ్మతుకు ఒక సభ పెట్టి లడ్డూలు పంచారు. జనరల్ మేనేజర్ గారు మాట్లాడుతూ ఇకపై మన గనిలో సగం సగం పనులు ఉండవన్నారు. వేదిక మీద ఫ్యాను ఆ మాట అయ్యేలోపే ఆగిపోయింది.

ఇప్పుడు మా టైమాఫీసు, అంటే హాజరు చూసే ఆఫీసు గురించి చెప్పాలి. అది కొండ మీద, క్రషర్ పక్కనే ఉండేది. క్రషర్ అంటే ఖనిజపు బండలను నలగ్గొట్టే పెద్ద యంత్రం. పొద్దున్నే అది మొదలైందంటే చుట్టుపక్కల కరెంటు కుంగిపోయేది, దాంతో టైమాఫీసు లైను ఉందా లేదా అన్నట్టు ఉండేది. ఒక్క పేజీ తెరుచుకోవాలంటే ఒక టీ తాగి రావచ్చు. అక్కడి సూపర్‌వైజర్ శ్రీకాకుళం వైపు పెద్దమనిషి, వయసులో నాకంటే పెద్ద, పట్టుదలలో గనిలో అందరికంటే పెద్ద. ఆయన దీనికొక ఉపాయం కనిపెట్టాడు. క్రషర్ మొదలయ్యేలోపే వచ్చి, డ్యూటీలో ఉన్న ప్రతి మనిషి పేజీనీ విడివిడిగా తెరిచి పెట్టుకునేవాడు. మధ్యాహ్నం క్రషర్ ఆపగానే లైను మళ్లీ కోలుకునేది. అప్పుడు ఒక్కో పేజీలో సాయంత్రం టిఫిన్ టిక్కు పెట్టి, వరసగా అన్నీ సేవ్ కొట్టేవాడు. ఊళ్లో కిరాణా కొట్టు షట్టర్లు ఎత్తినట్టు ఎత్తి, దించినట్టు దించేవాడు. మిగతా షిఫ్టుల వాళ్లు కూడా ఆయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నారు.

ఇక్కడున్న చిక్కు మీలో కొందరికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఆయన మార్చేది టిఫిన్ టిక్కు ఒక్కటే. మా ప్రోగ్రాం మాత్రం ఆ ఒక్కదాన్నే రాసేది కాదు. పేజీ తెరిచినప్పుడు ఆ మనిషి ఎలా ఉన్నాడో, ఎక్కడ ఉన్నాడో, ఆ వివరాలన్నిటినీ కలిపి మొత్తం మనిషిని మళ్లీ రాసేది. పొద్దున్న తెరిచిన పేజీలోది పొద్దుటి మనిషి. ఈలోపు, పనులు పురమాయించే ఫోర్‌మ్యాన్ తన క్యాబిన్‌లోని జనరేటర్ మీద నడిచే కంప్యూటర్ నుంచి అతణ్ని వేరే బెంచీకి పంపి ఉండవచ్చు. టైమాఫీసులో సేవ్ కొట్టగానే ఆ మార్పు తుడిచిపెట్టుకుపోయి పొద్దుటి మనిషి తిరిగివచ్చేవాడు. ట్రాన్సాక్షన్ దీన్ని ఆపదు. పాత సంగతిని ఇచ్చినా అది ఎంతో శ్రద్ధగా, సగంలో వదలకుండా, పూర్తిగా రాసిపెడుతుంది.

నేను దీని మీద ఒక నోట్ రాసి పంపాను. రెండో దశలో చూస్తామని జవాబు వచ్చింది. మా దగ్గర రెండో దశ అంటే ఏమిటో మీకు తెలియదు. మా క్వార్టర్ల పైకప్పులు, బడికి పోయే రోడ్డు, ఆస్పత్రిలో లిఫ్టు, అన్నీ అందులోనే ఉండేవి.

ఇక ఆ రోజు సంగతి. నడి ఎండాకాలం. ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన మా బోర్డు చూడటానికి వస్తున్నాడని ముందురోజు నుంచే హడావిడి. బోర్డు పచ్చబడగానే సైరన్, సైరన్ తర్వాత పేలుడు, పేలుడు తర్వాత చప్పట్లు. ఇదీ కార్యక్రమం. స్క్రీన్ ఏ మొరాయింపు మొరాయిస్తుందోనని నన్ను కూడా కంట్రోల్ రూంకు రమ్మన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు జీపులో బయలుదేరాను.

కంట్రోల్ రూం దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి కిందికి, బళ్లు నిలిపే యార్డుకు, ఒకటి పై బెంచీకి. అక్కడికి రాగానే జీపు కొంచెం జారి, ఎర్రటి బురద అద్దం మీద చిందింది. "తడి ఉంది సార్" అన్నాడు జీపు డ్రైవరు. పై బెంచీకి వెళ్లే రోడ్డంతా నీళ్లు చల్లి ఉంది, యార్డు రోడ్డు మీద తడి చక్రాల జాడ కూడా లేదు. నేను పట్టించుకోకుండా దిగి లోపలికి వెళ్లిపోయాను.

లోపల బోర్డు నిగనిగలాడుతూ పచ్చగా ఉంది. ఢిల్లీ పెద్దాయన ఇంకా రాలేదు, ఆయన కోసం తెచ్చిన జీడిపప్పు వచ్చింది. జనరల్ మేనేజర్ గారు, కుర్ర మేనేజరు, సేవ్‌లు కొట్టడం ముగించి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మా సూపర్‌వైజరు, ఒక మూల కుర్చీలో బ్లాస్టర్. బ్లాస్టర్ అంటే పేలుడు మీట నొక్కే మనిషి, దాని తాళంచెవి అతని మెడలోనే ఉంటుంది. అతనిది ఉసూర్ దగ్గర ఊరు, మాట తక్కువ మనిషి. పెద్దాయన కారు గేటు దాటిందని ఫోన్ రాగానే మొదటి సైరన్ మోగింది.

పని లేక బోర్డు మీద పేర్లు చదువుతున్నాను. ట్యాంకర్ డ్రైవరు పేరు యార్డులో ఉంది. చదివి ముందుకు వెళ్లాను, మళ్లీ వెనక్కి వచ్చాను. ఆ ఎండకు రోడ్డు మీద చల్లిన నీళ్లు ఎంతసేపు ఉంటాయి? వెనక్కి తిరిగి చూసేలోపు ఆరిపోతాయి. నేను వచ్చేసరికి మాత్రం అక్కడ జీపు జారేంత తడి ఉంది. అంటే ట్యాంకర్ నాకు కొంచెం ముందే పై బెంచీకి వెళ్లింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆపండి. ట్యాంకర్ పైన ఉంది" అన్నాను.

కుర్ర మేనేజర్ బోర్డు వైపు చూసి, "లేదు సార్, యార్డులో ఉంది. ట్రాన్సాక్షన్ సక్సెస్ అయింది, చూడండి, ఇప్పుడే" అన్నాడు.

"ఇప్పుడే నాను సేవ్ కొట్టినాను బాబూ, నా సేత్తో కొట్టినాను. తప్పెలా అవుద్ది?" అన్నాడు సూపర్‌వైజరు.

"రోడ్డు తడిగా ఉంది" అన్నాను. ఆ గదిలో ఇంతకంటే తెలివితక్కువ వాక్యం ఎవరూ విని ఉండరు. కోట్లు పోసి కొన్న బోర్డు ఒకటి చెబుతుంటే నేను బురద చూపిస్తున్నాను. జనరల్ మేనేజర్ గారు గడియారం చూసుకుని, బోర్డు పచ్చగా ఉంటే ఆపే అధికారం ఎవరికీ లేదని హిందీలో మృదువుగా చెప్పారు. రెండో సైరన్ మోగించమన్నారు.

బ్లాస్టర్ లేచాడు. మెడలో వేలాడే తాళంచెవిని చొక్కా లోపల వేసుకున్నాడు. "సార్ అనుమానముందంటుండు. నేను కొట్ట. జీపు పంపుండ్రి" అన్నాడు. జనరల్ మేనేజర్ గారు అది ఆదేశాన్ని ధిక్కరించడమన్నారు. "అయితే రాసుకోండ్రి" అని మళ్లీ కూర్చున్నాడు. ఆ మనిషికి నేను జీవితాంతం నమస్కారం పెడతాను.

జీపు వెళ్లింది. అది తిరిగొచ్చేదాకా గదిలో ఎవరూ, ఈలోపు వచ్చిన ఢిల్లీ పెద్దాయన కూడా, జీడిపప్పు ముట్టలేదు. కాసేపటికి జీపు వెనకాలే ట్యాంకర్ నెమ్మదిగా దిగివచ్చింది. పై బెంచీ పక్కన ఒక నీళ్ల గుంట ఉంది, పొద్దుటి నుంచీ ఆ రోడ్డే తడుపుతూ, అక్కడ పంపు వేసి ట్యాంకర్ మళ్లీ నింపుకుంటున్నాడట మన డ్రైవరు. పంపు ఇంజను చప్పుడులో సైరన్ వినబడలేదు. ఫోర్‌మ్యాన్ అతణ్ని పొద్దున్న పైకి పంపుతూ కంప్యూటర్లో సక్రమంగానే ఎక్కించాడు. మధ్యాహ్నం సూపర్‌వైజర్ గారు అతనికి టిఫిన్ టిక్కు పెట్టి, దాంతోపాటు అతణ్ని యార్డుకు దించేశారు.

డ్రైవరు కిందికి దిగి, అందరం తననే చూస్తుంటే బిత్తరపోయాడు. "ఏంది, ఏమైంది?" అన్నాడు. నేను దగ్గరికెళ్లి భుజం పట్టుకున్నాను. చాలాసేపు వదల్లేదనుకుంటాను, చివరికి అతనే మెల్లగా నా చేయి తీశాడు.

ఇంత జరిగాక యాజమాన్యం ఊరుకుంటుందా? వెంటనే కాగితాలు కదిలాయి. బోర్డు పచ్చగా ఉండగా ఉత్పత్తిని ఎందుకు ఆపించావని నాకొక మెమో. బ్లాస్టర్‌కొక మెమో. ఇక డ్రైవర్‌కైతే ఏకంగా చార్జిషీటు: కంప్యూటర్లో తనకు నమోదైన స్థలంలో లేకుండా, అనుమతి లేని చోట కనుగొనబడటం. ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో చెప్పమన్నారు. నేను ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదివాను. మనిషి బతికున్నందుకు సంజాయిషీ అడిగిన కాగితం నా సర్వీసులో అదొక్కటే.

డ్రైవరు ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చి గోడవారగా నిలబడ్డాడు. "సార్, ఈ నౌకరీ పోతే నాకు మల్ల అడవిల తునికాకే దిక్కు. ఫోర్‌మ్యాన్ పొమ్మంటెనే పోయిన. ఆయననడుగుండ్రి" అన్నాడు. ఫోర్‌మ్యాన్ను అడిగారు. పంపానని అన్నాడు పాపం, గట్టిగానే అన్నాడు. కంప్యూటర్లో అలా లేదన్నారు.

విచారణ రోజు పొద్దున్న నేను తొందరగా ఆఫీసుకు వెళ్లాను. ఆ అప్లికేషన్లో ఆఫీసర్ల పేర్లు కూడా ఉండేవి, అందరూ సమానమేనని చూపించుకోవడానికి. జనరల్ మేనేజర్ గారి పేజీ తెరిచాను. అప్పటికి ఆయన ఇంకా బయలుదేరలేదు, బంగళాలో ఉన్నట్టు ఉంది. పేజీని అలాగే తెరిచి ఉంచాను, మా సూపర్‌వైజర్ పద్ధతిలోనే. తర్వాత ఆయన వచ్చారు, గేటు దగ్గర గార్డు ఆయన్ని ఆఫీసులోకి మార్చాడు. విచారణ గదిలో గోడ మీద స్క్రీన్, అందులో ఆయన పేరు ఆఫీసు వరుసలో. డ్రైవరు చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

నా వంతు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి, "సార్, మీకు సాయంత్రం టిఫిన్ పెట్టిస్తున్నాను" అని ఒక టిక్కు పెట్టి సేవ్ కొట్టాను. గోడ మీద ఆయన పేరు ఆఫీసు వరుస నుంచి మాయమై బంగళా వరుసలో తేలింది.

"ట్రాన్సాక్షన్ ఏమైంది?" అని కుర్ర మేనేజర్ను అడిగాను.

"సక్సెస్ అయింది సార్" అన్నాడతను, ఏడుపు గొంతుతో.

"సార్, మీరు బంగళాలో ఉన్నారు" అన్నాను.

జనరల్ మేనేజర్ గారు స్క్రీన్ చూసి, తన కుర్చీ చేతులు పట్టుకుని చూసుకుని, "ఇదేమిటి, నేను ఇక్కడే ఉన్నాను కదా!" అన్నారు.

"డ్రైవరు కూడా అదే చెబుతున్నాడు సార్."

డ్రైవరు తరఫున వచ్చిన యూనియన్ నాయకుడు మొదట నవ్వాడు. తర్వాత స్టెనో నవ్వింది. ఆఖరికి జనరల్ మేనేజర్ గారు కూడా నవ్వవలసి వచ్చింది, నవ్వకపోతే ఆయన కూడా నమోదైన చోట లేనందుకు సంజాయిషీ రాసుకోవాలి. చార్జిషీటు వెనక్కి తీసుకున్నారు. తప్పు తమదని మాత్రం ఎక్కడా రాయలేదు, మానవతా దృక్పథంతో క్షమించామని రాశారు. ఓవర్‌మ్యాన్ నడక మళ్లీ మొదలైంది, దానికి కొత్తగా ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు.

మరమ్మతు నిజానికి చిన్నదే. ప్రతి మనిషి వివరాలకూ ఒక వరుస సంఖ్య తగిలించాం. ఎవరు ఏది మార్చినా ఆ సంఖ్య ఒకటి పెరుగుతుంది. మీరు పేజీ తెరిచినప్పటి సంఖ్య, సేవ్ కొట్టేటప్పుడు అక్కడున్న సంఖ్య ఒకటి కాకపోతే, మీరు చూస్తున్నది పాత సంగతి, మళ్లీ తెరిచి చూడండి అంటుంది. రెండో దశ దాకా ఆగాల్సిన పని మధ్యాహ్నం టీ లోపే అయిపోయింది. సూపర్‌వైజర్ గారు మాత్రం చాన్నాళ్లు నా మీద అలిగారు. "ఏటిది బాబూ, ఇన్నేళ్ల సర్వీసు నాది, నాను సేవ్ కొడితే నాకే ఎదురు సెప్తంది!" అనేవారు. ఆయన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఆ క్రషర్ పక్కన కూర్చుని పని చేయమంటే మీరైనా ఆ షట్టర్లే ఎత్తేవారు.

విచారణ ముగిసిన రోజు సాయంత్రం డ్రైవరు బయట సైకిల్ స్టాండు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. కృతజ్ఞతలు చెప్పడానికనుకుని, ఫర్వాలేదులే అనడానికి సిద్ధపడ్డాను. అతను ఆ మాటే ఎత్తలేదు.

"సార్, ఓ మాట అడుగుత. ఆ రోజు పేలుడు కొట్టి ఉంటే, కంప్యూటర్ల నేను యార్డులనే ఉన్నట్టుండెనా?"

"ఉండేది" అన్నాను.

"బెంచీ మీద ఎవలు ఎతికేటోళ్లు కాదు?"

"యార్డులో ఉన్నవాణ్ని బెంచీ మీద ఎందుకు వెతుకుతారు?"

అతను తల ఊపాడు. "నా ఇంటామె యార్డుకొచ్చి అడిగేది. ఆడ బండి లేదు, నేను లేను. బండెత్తుకొని పారిపోయిండు అనేటోళ్లు. ఆ రాళ్లు తీసేదాంక ఊళ్లె నా పిల్లలు దొంగోని పిల్లలయ్యేటోళ్లు. గంతే కదా సార్?"

కాదు, అలా ఎందుకు జరుగుతుంది అనబోయాను. అతను నా ముఖంలోకే చూస్తున్నాడు.

అంతే అన్నాను.